ఎకరంన్నరలో 96 ఫ్లాట్లు: ఖాళీ స్థలం ఎక్కడ పెట్టించుకోవాలి?

ప్రశ్న (స్థలం యజమాని, హనుమకొండ)

అందరికీ నమస్కారం. మేం ముగ్గురు అన్నదమ్ములం. నాన్నగారి ఎకరంన్నర స్థలం డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం. రెండు బ్లాకులు, స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద 5 అంతస్తులు, 96 ఫ్లాట్లు. మేం కూడా అక్కడే ఉండబోతున్నాం. బిల్డర్ దగ్గర్నుంచి ప్లాన్ నిన్న చేతికొచ్చింది. ఖాళీ స్థలం పది శాతం చూపించారు గానీ మూడు ముక్కలు చేశారు. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ వెనక, ఒకటి ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పక్కన, మూడోది వెనక ప్రహరీ వెంట సన్నటి పట్టీ. రెండు బ్లాకుల మధ్య 16 మీటర్ల జాగా మొత్తం కార్లకే. క్లబ్‌హౌస్ టెర్రస్ మీద. "రూల్ ప్రకారం సరిపోయింది సార్" అంటున్నారు. నిజంగా సరిపోయిందా? అమ్మకి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో సాయంత్రమంతా అరుగు మీదే గడిపే మనిషి. ఈ ప్లాన్‌లో ఆమె కూర్చునే చోటే కనపడట్లేదు, నా టెన్షన్ అదే.

జవాబు (ఆర్కిటెక్ట్, హైదరాబాద్)

ముందు లెక్క చూద్దామండి. తెలంగాణలో 2012 నాటి భవన నిబంధనలు, అదే జీవో 168, మీలాంటి గ్రూప్ డెవలప్‌మెంట్‌కి స్థలంలో 10% ఖాళీగా వదలమంటాయి. మీది 7,260 గజాలు కాబట్టి 726 గజాలు రావాలి. ఇది సెట్‌బ్యాక్‌లకు, అంటే భవనం చుట్టూ ప్రహరీ వరకు తప్పనిసరిగా వదిలే జాగాకి, అదనం. ముక్కలు చేయొచ్చు, కానీ ఒక్కో ముక్క కనీసం 50 చదరపు మీటర్లు, వెడల్పు 3 మీటర్లు ఉండాలి. ప్రహరీ వెంట ఉన్న ఆ పట్టీ సెట్‌బ్యాక్‌లోదేమో స్కేలు పెట్టి కొలవండి. సెట్‌బ్యాక్‌లోదైతే అది లెక్కలోకి రాదు.

లెక్క కుదిరినా నేను ఈ ప్లాన్ ఒప్పుకోను. ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పని కట్టుకుని ఎవరు వెళ్తారు? గేటు నుంచి లిఫ్టుకి నడిచే దారి పక్కనే చోటుంటే పాల ప్యాకెట్‌కి దిగినవాళ్ళు కూడా రెండు నిమిషాలు ఆగుతారు. మన మండువా ఇళ్ళలో మండువా మధ్యలో ఉండేది, ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్ళినా దాని పక్కగానే వెళ్ళాలి. ఢిల్లీలో చార్లెస్ కొరియా 1970ల్లో కట్టిన తారా గ్రూప్ హౌసింగ్‌లోనూ ఇళ్ళన్నీ నడుమ ఉన్న తోట చుట్టూనే ఉంటాయి.

కాబట్టి కార్లను స్టిల్ట్‌లోకీ అంచులకీ పంపి, ఆ 16 మీటర్ల జాగాని తోటకి అడగండి. ఫైరింజన్ తిరిగే దారి మాత్రం ఎక్కడా తగ్గకూడదు, అందులో చెట్టు కూడా వద్దు. మీ బ్లాకుల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉందా? ఉంటే మంచిది. పడమటి బ్లాకు పదిహేడు మీటర్ల ఎత్తున్నా మే నెలలో సాయంత్రం నాలుగింటికల్లా దాని నీడ ఆ జాగా అంతా కప్పేస్తుంది. పిల్లలు ఆటకి దిగేదీ, అమ్మ బయటికొచ్చేదీ ఆ వేళకే కదా. రెండు మూడు అంతస్తుల వరకూ వంటింటి కిటికీలోంచి పిల్లాణ్ణి కేకేసి పిలవొచ్చు కూడా.

అమ్మగారి కోసం లిఫ్టుకి దగ్గర్లో స్టిల్ట్‌లో ఒక్క బే (స్తంభాల మధ్య గడి) పార్కింగ్ లేకుండా వదిలించండి. రెండు స్తంభాల మధ్య అడుగున్నర ఎత్తు అరుగు, ఆనుకోడానికి వీపు, లేవడానికి చేతిపట్టు. వానలోనూ పనికొస్తుంది. మెట్టు లేకుండా ర్యాంపు ఉండాలి.

జవాబు (సైట్ ఇంజినీరు, కరీంనగర్)

అన్నా, సెల్లార్ ఉందా? స్థలమంతా సెల్లార్ తవ్వేస్తే పైన చెట్లు బతకడం కష్టం. గడ్డికి అడుగు మట్టి చాలు, పొదలకి రెండడుగులు, చిన్న చెట్టుకైనా మూడు నాలుగడుగులు కావాలి. మీటరు మందాన మట్టి తడిస్తే చదరపు మీటరుకి దాదాపు రెండు టన్నుల బరువు. ఆ బరువు స్లాబ్ డిజైన్ చేసేటప్పుడే స్ట్రక్చరల్ ఇంజినీరుకి చెప్పాలి, తర్వాత మట్టి పోద్దామంటే కుదరదు. తోట కింద సెల్లార్ రాకుండా చూసుకోవడమే మేలు, అసలు నేల ఉంటే ఇంకుడు గుంతలు కూడా అక్కడే వస్తాయి.

తోటంతా లాన్ వేస్తామంటే ఒప్పుకోకండి. ఎండాకాలంలో చదరపు మీటరుకి రోజూ ఐదారు లీటర్లు తాగుతుంది. 400 చదరపు మీటర్లు వేస్తే రెండు వేల లీటర్లు, బోరు ఎండితే ట్యాంకరే. వేప, కానుగ, పొగడ పెట్టించండి. కోనోకార్పస్ వద్దు, వేర్లు పైపుల్లోకి దూరతాయి. పచ్చ గన్నేరు విషం, పిల్లలు తిరిగేచోట అసలే వద్దు.

జవాబు (ఓ అపార్ట్‌మెంట్ సంఘం మాజీ కార్యదర్శి)

మా దగ్గర జరిగింది చెప్తాను. బ్రోషర్‌లో పార్కు అన్నచోట బిల్డర్ ముందు ఇసుక పోశాడు, తర్వాత విజిటర్స్ పార్కింగ్ అన్నాడు, చివరికి అక్కడ షెడ్డు లేచింది. మేం ఎవరం కాగితం చూసుకోలేదు. మీరు చూసుకోండి. రెరా చట్టం 2016లో (రియల్ ఎస్టేట్ చట్టం) పార్కులు, ఆటస్థలాలు ఉమ్మడి ఆస్తి అని రాసే ఉంది. మంజూరైన ప్లాన్‌లో ఉమ్మడి స్థలాలు మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన మూడు నెలల్లోపు వాటిని సంఘం పేర రిజిస్టర్ చేయాలి. మీ అగ్రిమెంట్‌కి జతచేసే ప్లాన్‌లో ఆ జాగాని కొలతలతో, రంగు వేసి చూపించమనండి.

ఇంకో మాట, ఎవరూ ముందుగా అడగరు. మా బ్లాకులో నాలుగో అంతస్తు పెద్దాయన పోయినప్పుడు లిఫ్టులో పాడె పట్టలేదు. కింద కార్లు. ఫ్రీజర్ బాక్స్ పెట్టడానికి ప్లగ్ లేదు, స్నానానికి నీళ్ళు లేవు. ఆయన పిల్లలు కార్ల వాళ్ళని ఒక్కొక్కరినీ ఫోన్ చేసి బతిమాలుకున్నారు. ఆ రోజు నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. గేటుకి దగ్గరగా ఒక బేలో కుళాయి, నీళ్ళు పోయే తూము, 15 ఆంప్స్ ప్లగ్ పెట్టించండి. అదే బేలో సీమంతం చేసుకోవచ్చు, వినాయకుణ్ణి నిలబెట్టుకోవచ్చు. చివరికి బిల్డర్‌కి అయ్యే ఖర్చు కూడా కొంచెమే. మా జిమ్‌కి తాళం పడి మూడేళ్ళు, కానుగ చెట్టు కింద వేసిన ఆరు సిమెంటు బెంచీలు మాత్రం సాయంత్రం ఖాళీ దొరకవు.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. స్కేలు పెట్టి కొలిచాను, ప్రహరీ పట్టీ సెట్‌బ్యాక్‌లోదే. ఆ ఒక్క మాటతో వాళ్ళు మళ్ళీ టేబుల్ దగ్గరికొచ్చారు. మధ్య జాగా తోటకి ఇస్తామన్నారు, పది కార్లు వెనక్కి జరిపారు. సెల్లార్ లేదు. ఆర్కిటెక్ట్ మేడమ్, ఒక్క సందేహం. మా ఆడవాళ్ళు బతుకమ్మ ఆడటానికి జాగా అడుగుతున్నారు. తోటలో దానికి ఎంత వదలాలి?

ఆర్కిటెక్ట్

అడ్డంగా పది పన్నెండు మీటర్ల గుండ్రటి నేల చాలండి. టైల్స్ వద్దు, తడిస్తే జారుతుంది. గరుకు షాబాద్ బండలు గానీ, గట్టిగా దిమ్మిస చేసిన మొరం గానీ వేయించండి. నడుమ చెట్టు, ఫౌంటెన్ ఏదీ పెట్టనివ్వకండి, బతుకమ్మలు పెట్టేది అక్కడే. దీపాలు చుట్టూ అంచున రావాలి. మిగతా ఏడాదంతా పిల్లలు అక్కడే సైకిళ్ళు తొక్కుకుంటారు. కొత్త ప్లాన్ రాగానే చూపించండి, స్టిల్ట్‌లో అమ్మగారి అరుగు ఏ స్తంభాల మధ్య వస్తుందో చెప్తాను.