విశాఖ ఉక్కపోతలో ఈస్టును ఎలా దాచుకోవాలి?

లాసన్స్‌బే వాసి:
జింజర్‌బీరుకూ బన్నులకూ వాడేందుకు పూర్ణామార్కెట్‌లో అరకిలో ఇన్‌స్టెంట్ ఈస్టు పొట్లం తీసుకున్నాను. విప్పాక ఫ్రిజ్‌లో పెట్టమని కొందరు, డీప్‌ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుందని మరికొందరు చెబుతున్నారు. సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లలో మీరంతా ఎలా నిల్వ చేస్తున్నారో తెలియజేయగలరు.

ఉక్కునగరం బేకర్:
విప్పని వాక్యూమ్ పొట్లం చల్లని పొడి చోట సుమారు 2 ఏళ్లు నిలుస్తుంది. గాలి తగిలాక ఆ లెక్క చెల్లదు. ఎండు ఈస్టులో తేమ 5 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది కనుక మన ఊరి గాలిలోని చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. ఇక్కడ అందరూ ఎండను తిట్టుకుంటారు గాని, ఈస్టుకు అంతకన్నా పెద్ద శత్రువు చెమ్మేనని నా అభిప్రాయం. నేను పొట్లం విప్పిన రోజే ఈస్టును చిన్న గాజుసీసాల్లోకి సర్ది, మూతలు బిగించి, ఒకదానిని ఫ్రిజ్ లోపలి అరలోనూ మిగిలినవాటిని డీప్‌ఫ్రీజర్‌లోనూ ఉంచుతాను. బయటకు తీసిన సీసాను వెంటనే తెరిస్తే గాలిలోని ఆవిరి చల్లటి ఈస్టు మీద నీరుగా పేరుకుంటుంది కాబట్టి, సీసా వెలుపల పట్టిన చెమ్మ పూర్తిగా ఆరిన తరువాతే మూత తీస్తాను.

మైక్రోబయాలజీ అధ్యాపకురాలు:
బేకర్ గారు చెప్పినది ఎండు ఈస్టుకు సరిపోతుంది. ద్రవరూపంలోని ఈస్టును మాత్రం గ్లిసరాల్ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే చిక్కటి ద్రవం) కలపకుండా గడ్డకట్టించరాదు, ఎందుకంటే కణాల్లోని నీరు మంచు పలుకులుగా మారి వాటి పొరలను చీల్చుతుంది. నానబెట్టే నీటి సంగతి కూడా చూసుకోవాలి. యాక్టివ్ డ్రై రకానికి (వాడేముందు నీటిలో నానబెట్టే ఎండు ఈస్టు) 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీరు తగినది. 60 డిగ్రీలకు చేరితే కణాలు బతకవు. లవణాలు దాదాపు లేని ఆర్.ఓ. నీటికన్నా కాచి చల్లార్చిన కుళాయి నీరే మేలు.

సియాటిల్‌లో విశాఖవాసి:
లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం కనుక ఇది ఇక్కడి ముచ్చటగానే చదవండి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1979 నుంచి ఫెడరల్ చట్టం అనుమతిస్తోంది. బీరు పులిసిన తరువాత అడుగున మిగిలే ఈస్టు ముద్దను, కొంత బీరుతో సహా, క్రిమిరహితం చేసిన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడతాను. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది కాబట్టి మూత వదులుగా ఉండాలి. 2 వారాల్లోపు మళ్లీ వాడేస్తాను. ముదురు గోధుమరంగుకు తిరిగినా, పుల్లని వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబోస్తాను.

లాసన్స్‌బే వాసి:
అందరికీ ధన్యవాదాలు. 2014 హుద్‌హుద్ అప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే డీప్‌ఫ్రీజర్‌లోని సీసాల గతేమిటి?

ఉక్కునగరం బేకర్:
మూత బిగుతుగా ఉన్న ఎండు ఈస్టు కొన్ని రోజుల గది వేడిని తట్టుకుంటుంది. అనుమానముంటే అరగ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచాడు పంచదార, చెంచాడు ఈస్టు కలిపి చూడండి; 10 నిమిషాల్లో నురగ పొంగితే నిశ్చింతగా వాడుకోవచ్చు.