కమార్గ్‌లో గుర్రపు స్వారీ: నమోదు ముందుకు సాగడం లేదు

ఏలూరు_యాత్రికుడు: సభ్యులకు నమస్కారం. దక్షిణ ఫ్రాన్సులో రోన్ నది మధ్యధరా సముద్రంలో కలిసేచోట ఉన్న కమార్గ్‌లో గుర్రపు స్వారీకి పేరు నమోదు చేసుకోవాలని మూడు గంటలుగా ప్రయత్నించి విసిగిపోయాను. మేము ఆర్ల్‌లో రైలు దిగి సాంత్ మరీ ద లా మేర్‌కు వెళ్తాము. రెండు గుర్రపుశాలల పత్రాలు నింపాను. రెండింటిలోనూ నీటిమడుగుల వెంట నెమ్మదిగా సాగే గంటసేపటి విహారం మాయమై, పశువుల మందల నడుమ పూటంతా చేసే స్వారీలే మిగులుతున్నాయి. దయచేసి ఎవరైనా దారి చూపండి.

రికాబు: ఎంతమంది? ఏ నెల? ఇదివరకు గుర్రం ఎక్కారా? పత్రంలో ఏమి నింపారు?

అశ్వలక్షణం: కమార్గ్ ఫొటోలు పెట్టిన ప్రతిసారీ మనవాళ్ళు ఆ తెల్ల గుర్రాలను పంచకళ్యాణి అంటున్నారు, అది సరికాదు. నాలుగు కాళ్ళూ ముఖమూ మాత్రమే తెల్లగా ఉన్నదే పంచకళ్యాణి. కమార్గ్ గుర్రపు పిల్లలు నల్లగానో గోధుమవన్నెలోనో పుట్టి, కొన్నేళ్ళలో క్రమంగా తెల్లబడతాయి. వెంట్రుకల కింది చర్మం మాత్రం చివరిదాకా నల్లగానే ఉంటుంది. వెళ్ళినప్పుడు తల్లి పక్కన నల్ల పిల్ల కనబడితే వేరే జాతి అనుకోకండి.

ఏలూరు_యాత్రికుడు: ముగ్గురం, ఆగస్టులో వెళ్తున్నాము. ఎవరమూ ఎప్పుడూ ఎక్కలేదు. పత్రంలో ‘గాలో’ ఎంత అని 1 నుంచి 7 వరకు అంకెలు చూపారు. గాలో అంటే పరుగు కాబట్టి, నెమ్మదిగా వెళ్ళాలని 1 ఎంచుకున్నాను.

మోంపెలియే_తెలుగు: చిక్కంతా ఆ అంకెలోనే ఉందండీ. ఇక్కడ గాలో 1 నుంచి 7 వరకు ఉన్నవి ఫ్రెంచి అశ్వారోహణ సమాఖ్య ఇచ్చే స్థాయిలు, వేగాలు కావు. 1 అన్నారంటే మొదటి పరీక్ష ఇప్పటికే నెగ్గారని అర్థం. అక్కడ ‘దేబ్యుతాన్’, అంటే కొత్తవారు అన్న మాట వెతికి ఎంచుకోండి. ఆగస్టు కాబట్టి ఎండ ముదరకముందో సాయంత్రమో వెళ్ళండి. దోమలు విపరీతం కనుక నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, వేళ్ళు కప్పే బూట్లు తప్పనిసరి. బరువు పరిమితి ఎంతో ముందే అడగండి, ఎందుకంటే ఇవి పెద్ద గుర్రాలు కావు, భుజం దగ్గర సుమారు 135 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తే ఉంటాయి. గార్దియాన్లనే అక్కడి పశుపాలకుల జీనుకు వెనుక ఎత్తైన ఆనుడు ఉంటుంది, పాదం పెట్టుకునే రికాబుకు ముందువైపు పంజరం ఉండి పాదం జారిపోకుండా ఆపుతుంది. తొలిసారి ఎక్కేవారికి ఇది ఎంతో ధైర్యం.

ఏలూరు_యాత్రికుడు: చాలా మేలు చేశారు. మా బాబుకు నాలుగేళ్ళు, నా ముందు కూర్చోబెట్టుకుంటాను.

రికాబు: వద్దు. ఒక జీను మీద ఒక్కరే. ఈ సంగతి మొదటే చెప్పాల్సింది.

మోంపెలియే_తెలుగు: రికాబు గారి మాట వినండి. గుర్రం బెదిరితే మీరు పగ్గాలు పట్టాలా, బాబును పట్టాలా? పిల్లలను పోనీ అనే చిన్న గుర్రం ఎక్కించి పెద్దవారు పక్కన నడిపించుకు వెళ్ళే ఏర్పాటు చాలా శాలల్లో ఉంటుంది, దాన్ని అడగండి.

అశ్వలక్షణం: గాలో అంటే పరుగు అనడం మాత్రం పూర్తిగా తప్పు కాదు. ఫ్రెంచిలో గుర్రపు నడకలు ప్రధానంగా పా (మామూలు నడక), త్రో (కుదుపు నడక), గాలో (పరుగు) అని మూడే. ఇంగ్లీషువారు క్యాంటర్, గ్యాలప్ అని విడదీసే రెండింటికీ గాలో ఒక్కటే పేరు. అమరకోశమైతే ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలు, అంటే గుర్రపు నడకలు, చెప్పింది. త్రోను ధౌరితకం అనవచ్చు.

రికాబు: దౌడు అనే తెలుగు మాట ఉండగా అవన్నీ ఎందుకు?

అశ్వలక్షణం: దౌడు గాలోకు సరిపోతుంది, త్రోకు సరిపోదు. కుదుపుతో సాగే ఆ నడకకు మీరు ఏ మాట వాడతారో చెప్పండి.

ఏలూరు_యాత్రికుడు: దేబ్యుతాన్ ఎంచుకోగానే గంటసేపటి విహారం కనిపించింది. పోనీ సంగతి ఫోనులో అడుగుతాను. ధన్యవాదాలు.

అశ్వలక్షణం: రికాబు గారూ, త్రోకు మాట చెప్పలేదు.