పైథాన్‌లో రీడ్(0) ఖాళీ ఇస్తుంటే రీడ్‌లైన్స్(0) ఫైలంతా ఎందుకిస్తోంది?

బ్రాడీపేట_బాబు: డాక్యుమెంటేషన్ చదివినా తేలలేదండీ. రీడ్(-1) అంటే ఫైలు చివరిదాకా చదవడం, సరే. రీడ్(0) ఖాళీ స్ట్రింగ్ ఇస్తోంది. రీడ్‌లైన్స్(0) మాత్రం లైన్లన్నీ ఇచ్చేసింది. నన్ (None, ఏ విలువా లేదని) ఇస్తే? రీడ్‌లైన్(0) సంగతేంటి?

బెంజిసర్కిల్_బ్యాకెండ్: ఆ 0 జోలికే పోకండి. ఫైలు అయిపోయినా వచ్చేది ఖాళీ స్ట్రింగే. మా ఆఫీసులో ఒకాయన సైజును కాన్ఫిగ్ నుంచి తెచ్చాడు, అందులో 0 పడింది. లూపేమో ఖాళీ వస్తే ఆగిపోయే రకం. జాబ్ 'సక్సెస్', టేబుల్లో ఒక్క రో లేదు. నిద్ర పోయింది మాత్రం నాకు.

యార్డు_డేటా: మిర్చి యార్డు రేట్ల ఫైలు రీడ్(1024)తోనే చదువుతా. 1024 బైట్ల చొప్పున చక్కగా వస్తుంది.

పటమట_పైథాన్: బైట్లు కాదు, టెక్స్ట్ మోడ్‌లో క్యారెక్టర్లు. 'ఆర్‌బీ' (బైనరీ మోడ్)తో తెరిస్తేనే బైట్లు.

యార్డు_డేటా: రెండూ ఒకటే కదా.

పటమట_పైథాన్: మీ ఫైల్లో తెలుగు లేదు కాబట్టి అలా అనిపిస్తోంది. 'గుంటూరు' యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) 21 బైట్లు.

యార్డు_డేటా: మూడక్షరాల ఊరికి 21 బైట్లా? ఊరుకోండి.

పటమట_పైథాన్: మీ కంటికి మూడు. పైథాన్‌కి ఏడు: గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. ఒక్కోటి 3 బైట్లు. రీడ్(1) కొడితే ఉత్త 'గ' వస్తుంది. నమ్మకపోతే రన్ చేసుకోండి.

సీ_సీనియర్: సీ భాషలో ఎఫ్‌రీడ్‌కి సున్నా ఇస్తే సున్నా వస్తుంది, అంతే. మాకీ గొడవలు లేవు. మ్యాన్ పేజీ చదివే ఓపిక ఇప్పటి పిల్లలకెక్కడిది?

బెంజిసర్కిల్_బ్యాకెండ్: సార్, అక్కడా సున్నా వస్తే ఎర్రరో, ఫైలు అయిపోయిందో ఎఫ్‌ఈవోఎఫ్, ఎఫ్‌ఎర్రర్ ఫంక్షన్లు పిలిస్తేగానీ తెలీదు.

సీ_సీనియర్: నాకే చెబుతున్నావా?

లాడ్జిసెంటర్: పీహెచ్‌పీ 8లో ఎఫ్‌రీడ్‌కి 0 ఇస్తే వాల్యూఎర్రర్ (ఇచ్చిన విలువ చెల్లదనే ఎర్రర్) కొడుతుంది. అదే నయం. అవునూ, బెజవాడలో పీహెచ్‌పీ ఓపెనింగ్స్ ఏమైనా ఉన్నాయా?

పటమట_పైథాన్: అసలు తిరకాసు ఎవరూ పట్టుకోలేదు. నెగటివ్ ఏదైనా ఫైలంతా అనే కదా అందరూ చదివింది? 'ఆర్‌బీ'తో తెరిచి రీడ్(-2) కొట్టండి, వాల్యూఎర్రర్. టెక్స్ట్ మోడ్‌లో అదే -2 నోరెత్తకుండా మొత్తం చదివేస్తుంది.

బ్రాడీపేట_బాబు: అన్నా, నేనడిగింది రీడ్‌లైన్స్...

పటమట_పైథాన్: తమ్ముడూ, దాంట్లో ఇచ్చేది సైజు కాదు, హింట్. లైన్ల మొత్తం ఆ హింట్ దాటాక ఆగుతుంది, లైనును మధ్యలో తుంచదు. 0, నెగటివ్, నన్ మూడూ హింట్ ఇవ్వనట్టే లెక్క. రీడ్‌కి నన్ ఇచ్చినా -1 లాగే.

బ్రాడీపేట_బాబు: మరి రీడ్‌లైన్(0)?

లాడ్జిసెంటర్: ఖాళీ. నా ఓపెనింగ్స్ సంగతి చెప్పండి ముందు.