డబ్ల్యూ, బీఎస్ రెండూ కొట్టి ఉన్న స్పానర్ 1941 తర్వాతదేనా?

పాతసామాన్ల_పిచ్చి:
మొన్న ఎర్రగడ్డ ఆదివారం సంతలో డబుల్ ఎండ్ స్పానర్ల సెట్టు ఒకటి కొన్నాను. ఒకదాని మూతి మీద 3/8 డబ్ల్యూ (విట్‌వర్త్, బ్రిటన్ పాత బోల్టు కొలత), పక్కనే 7/16 బీఎస్ (బ్రిటిష్ స్టాండర్డ్) అని ఉంది. ఈ నంబర్లు బోల్టు మందానివి, మూతి వెడల్పువి కావు. అమ్మినాయన 1930ల నాటిదన్నాడు. నాకైతే నమ్మకం లేదు. యుద్ధంలో ఉక్కు పొదుపు కోసం 1941లో బ్రిటన్‌లో విట్‌వర్త్ బోల్టు తలలు ఒక సైజు తగ్గించారు కదా, రెండో నంబరు అప్పుడే వచ్చి ఉండాలి.

బుల్లెట్_మెకానిక్:
కాదండీ. బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్, అంటే సన్న మర) థ్రెడ్ 1908 ప్రాంతంలోనే వచ్చింది, దాని తల మొదటినుంచీ విట్‌వర్త్ కంటే ఒక సైజు చిన్నదే. అంటే 3/8 విట్‌వర్త్ నట్టుకీ 7/16 బీఎస్ఎఫ్ నట్టుకీ ఒకే మూతి, సుమారు 18 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు నంబర్లు కొట్టడానికి కారణం యుద్ధానికి ముందే ఉంది. ఆ గుర్తును బట్టి 1908 కంటే పాతది కాదు అని మాత్రమే చెప్పగలం.

పాతసామాన్ల_పిచ్చి:
మరి నాదాని మీద ఎఫ్ లేదే, ఒట్టి బీఎస్ అనే ఉంది? 1941 తర్వాత విట్‌వర్త్, ఫైన్ రెండింటికీ ఒకే తల అయ్యింది కాబట్టే ఎఫ్ తీసేశారని నా వాదన.

బుల్లెట్_మెకానిక్:
వాదనలో పస ఉంది, కానీ ఆ ఒక్క అక్షరం మీద సంవత్సరం తేల్చేయకండి. ఫోర్జింగ్ డై (కాల్చిన ఉక్కును స్పానర్ ఆకారంలో అచ్చు కొట్టే దిమ్మ) ఖరీదైన వస్తువు, అరిగేదాకా వాడతారు, రూలు మారిన మర్నాడే డై మారదు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది: 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ మోటార్ సైకిళ్లకి బ్రిటిష్ థ్రెడ్లే, మెట్రిక్ చట్టం 1956లో వచ్చినా ఆ బళ్లు రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ ఈ స్పానర్లు కావాల్సిందే, అందుకని సైజు చూసి పాతది అనుకోవడం పెద్ద పొరపాటు.

తుప్పు_వదిలిస్తా:
పేటెంట్ నంబరు ఉందేమో చూడండి, సంవత్సరం తేలిపోతుంది.

బుల్లెట్_మెకానిక్:
తేలదు. అమెరికాలో 20,00,000వ పేటెంట్ 1935లో ఇచ్చారు, ఆ దరిదాపుల నంబరు ఉంటే 1935 ముందుది కాదని తెలుస్తుంది, అంతే. అదే నంబరు చాలా ఏళ్లు కొడుతూనే ఉంటారు. రెండు వైపులా హద్దు చూపే గుర్తులే నాకు ఇష్టం. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. బ్రిటిష్ సైన్యం బాణం గుర్తు, కింద సంవత్సరం ఉంటే ఇక వాదనే అక్కర్లేదు.

ఇంకో మాట. మీది నిజంగా సెట్టేనా, లేక అమ్మినాయన ఏరి కూర్చాడా? ఒక్కో స్పానర్‌నీ విడిగా చూడాలి, అక్షరాల ఆకారం, పిడి మందం అన్నిటికీ ఒకటేనా అని. క్రోమ్ ఉంటే భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి: గుండ్రంగా అరిగి, వాటి మీదుగా క్రోమ్ నున్నగా పరుచుకుని ఉంటే పాలిష్ చేసి మళ్లీ పూత వేయించినట్టే. అలాంటిదానికి పాతకాలపు రేటు ఇవ్వడం అన్యాయం, నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టను.

పాతసామాన్ల_పిచ్చి:
నాలుగింటికి పిడి మందం ఒకటే, రెండు పలచగా ఉన్నాయి. అక్షరాలు దగ్గరగా ఫొటో తీసి రాత్రికి పెడతాను. ఎఫ్ సంగతి మాత్రం నేను వదలను.