ట్రీ శాడిల్‌లో గంటల తరబడి కూర్చోవాలంటే ఏమేం కావాలి? తుంటి నొప్పి, తాళ్లు, సేఫ్టీ గురించి

ఆనందపురం_పిట్టలు:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, మధురవాడలో ఉంటాం. ఆనందపురం దాటాక మా మావయ్యగారికి మామిడి తోట ఉంది, గట్టు మీద పెద్ద చింత చెట్లు ఉన్నాయి. సెలవు రోజుల్లో అక్కడ పిట్టల ఫొటోలు తీస్తుంటాను. వంగపండు పిట్ట, వడ్రంగిపిట్ట లాంటివి పై కొమ్మల్లోనే తిరుగుతాయి. కింద నుంచి తీస్తే పిట్ట పొట్ట, దాని వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ రావడం లేదు. వాటి ఎత్తుకు వెళ్లి కూర్చుంటేనే మంచి ఫొటో వస్తుంది.

మా బావ అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడ విల్లుతో జింకల వేటకు వెళ్తాడు. ఈసారి వచ్చినప్పుడు తన పాత ట్రీ శాడిల్ నాకిచ్చి వెళ్లాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: నడుము కింద నుంచి పిరుదుల వరకు పట్టుకునే గుడ్డ సీటు, దానికి రెండు వైపులా తుంటి దగ్గర లూపులు, ఆ రెంటినీ కలుపుతూ ముందు ‘బ్రిడ్జ్’ అనే తాడు. చెట్టు చుట్టూ ఇంకో తాడు కడతారు, దాన్ని ‘టెదర్’ అంటారు. దానికి బ్రిడ్జ్‌ని కారబినర్ అనే లోహపు కొక్కెంతో తగిలించి, చిన్న ప్లాట్‌ఫాం మీద పాదాలు పెట్టి వెనక్కి వాలి కూర్చోవడమే. వేట ఉద్దేశం నాకు లేదు, మన దేశంలో చట్టమూ ఒప్పుకోదు. నాకు కావాల్సింది కూర్చునే చోటు మాత్రమే.

సమస్య ఏంటంటే, కాసేపటికే తుంటి ఎముకలు రెండు వైపులా నొక్కేస్తున్నాయి. తొడల కింద తిమ్మిరి. మోకాళ్లు చింత బెరడుకు ఒరుసుకుపోతున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే వీపు పట్టీ, మోకాలి ప్యాడ్లు, రకరకాల తాళ్లు, క్లిప్పులు కనిపిస్తున్నాయి. ఏది నిజంగా అవసరం? నా బరువు 82 కిలోలు, కెమెరా, లెన్సు కలిపి మరో 4 కిలోలు. మా ఆవిడకి చాలా టెన్షన్‌గా ఉంది, ఆవిడకి నమ్మకంగా చెప్పగలిగే జవాబు కావాలి.

తాడు_మీద_పని:

తమ్ముడూ, మాది గాజువాక. ట్యాంకులు, చిమ్నీలు, ఓడల పక్కల మీద తాడుతో వేలాడి పనిచేసే రోప్ యాక్సెస్ ఉద్యోగం నాది. ఈ శాడిల్ మా పనిలో వాడం కానీ, దాని లెక్క నాకు బాగా తెలుసు. సామాను తర్వాత కొందువు గానీ, ముందు ఒక మాట విను.

శాడిల్ నిన్ను కూర్చోబెట్టడానికి మాత్రమే. పడిపోతుంటే పట్టుకోవడానికి కాదు. మా ఫీల్డులో ఈ రెండు పనులకు వేరు వేరు స్టాండర్డులే ఉన్నాయి. యూరప్ స్టాండర్డుల్లో కూర్చుని పనిచేసే హార్నెస్‌కి ఈఎన్ 813, పడినప్పుడు ఆపే ఫుల్ బాడీ హార్నెస్‌కి ఈఎన్ 361. మన దేశంలో సేఫ్టీ బెల్టులకి, హార్నెస్‌లకి ఐఎస్ 3521 ఉంది. శాడిల్ మొదటి రకానికి దగ్గర. దాని తాళ్లు స్టాటిక్, అంటే పెద్దగా సాగవు. టెదర్ రెండు అడుగులు వదులుగా ఉండి నువ్వు ప్లాట్‌ఫాం నుంచి జారావనుకో, ఆ రెండు అడుగుల దెబ్బంతా ఒక్కసారిగా నీ నడుము మీద, తాడు మీద పడుతుంది. అదే తాడు ముందు నుంచే బిగుతుగా ఉంటే జారినా అంగుళాల్లో ఆగిపోతావు. కాబట్టి టెదర్ ఎప్పుడూ నీ నడుముకి పైనే ఉండాలి, ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. ఫొటో కోసం లేచి నిలబడ్డావా, వెంటనే ప్రూసిక్ ముడిని, అంటే టెదర్ మీద చేత్తో జరపగలిగే, బరువు పడితే బిగుసుకునే ముడిని, పైకి జరిపి వదులు తీసెయ్. మీ ఆవిడకి చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

ఇప్పుడు నొప్పి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. నొప్పి పుట్టిన మనిషి కదులుతాడు, తాడు వదులు చేసుకుంటాడు, ఒక్క నిమిషమే కదా అని క్లిప్పు తీస్తాడు. నేను చూసిన ప్రమాదాల్లో చాలావరకు అలసిపోయి, ఎక్కడో ఒరుసుకుంటూ, త్వరగా ముగించేద్దామనుకున్న చివరి గంటలోనే జరిగాయి. అందుకే నా దృష్టిలో సుఖంగా కూర్చోవడం కూడా సేఫ్టీయే.

తుంటి నొక్కడానికి కారణం ఎక్కువగా బ్రిడ్జ్ పొట్టిగా ఉండటం. బ్రిడ్జ్ పొట్టిగా ఉంటే దాని రెండు కొసలు బాగా విడిపోయి, బరువు పడ్డప్పుడు తుంటి లూపుల్ని లోపలికి లాగుతాయి. పొడవు పెంచు. కోణం తగ్గుతుంది, లాగుడు పైకి మళ్లుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. కానీ ఎంత పెంచినా, కూర్చున్నప్పుడు టెదర్ మీది ముడి నీ చేతికి అందాలి. అందకపోతే దాన్ని సరిచేయలేవు, అది నొప్పి కన్నా పెద్ద సమస్య. తర్వాత టెదర్ ఎత్తు. నుదురు ఎత్తులో కట్టి మొదలుపెట్టు, కాస్త పైకి, కాస్త కిందికి మార్చి చూడు. పైకి కడితే కూర్చున్నట్టు ఉంటుంది, కిందికి కడితే వెనక్కి వాలినట్టు ఉంటుంది. రెండూ మార్చి మార్చి వాడితే తిమ్మిరి తగ్గుతుంది. సీటు గుడ్డని కూడా పిరుదుల కిందికి లాక్కో, చాలామంది బెల్టులాగా నడుముకి కట్టేసుకుంటారు. తొడ పట్టీలు వదులుగా ఉంచుకో, కానీ విప్పకు.

ఇవన్నీ నేల మీద నుంచి అడుగు ఎత్తులో సరిచూసుకో. అక్కడ గంటసేపు హాయిగా కూర్చోలేనివాడు 15 అడుగుల మీద కూర్చోలేడు.

కొనాల్సినవాటిలో మొదటిది లైన్‌మన్ బెల్ట్. మన కరెంటు లైన్‌మన్ స్తంభం చుట్టూ వేసుకునేదే. నిచ్చెన మొదటి మెట్టు నుంచి అది చెట్టు చుట్టూ ఉండాలి. దారిలో కొమ్మ అడ్డొస్తే, ముందు టెదర్‌ని కొమ్మకి పైన కట్టి దానికి తగిలించుకున్నాకే లైన్‌మన్ తాడు విప్పాలి. నేల వదిలాక మళ్లీ నేల తాకేదాకా ఏదో ఒకటి నిన్ను చెట్టుకి పట్టుకునే ఉండాలి. రెండోది లాకింగ్ కారబినర్లు, అంటే గేటు (తెరుచుకునే రెక్క) దానంతటది తెరుచుకోకుండా లాక్ పడేవి. మీద 22 కేఎన్ (కిలోన్యూటన్లు) అనో అంతకంటే ఎక్కువో చెక్కి ఉంటుంది. 1 కేఎన్ అంటే సుమారు 102 కిలోల బరువు, అంటే పొడవు దిశలో 2 టన్నుల పైన. గేటు తెరుచుకుంటేనో, అడ్డంగా బరువు పడితేనో ఆ సంఖ్యలో చాలా భాగం పోతుంది. అందుకే గేటు బెరడు వైపు రాకుండా చూసుకో. తాళాల గుత్తికి పెట్టుకునే కారబినర్లు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి. వాటి జోలికి పోవద్దు.

బావ ఇచ్చిన పాత తాళ్ల గురించి నాకు నిజంగా బెంగగా ఉంది. బ్రిడ్జ్ చాలా శాడిల్స్‌లో డైనీమా అనే సింథటిక్ దారంతో వస్తుంది. బలమైనదే కానీ నున్నగా ఉంటుంది, 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది. కాబట్టి దాన్ని ప్రూసిక్ ముడికి వాడకు, ఇంకో తాడు దాని మీద రాసుకుంటూ జారనివ్వకు. కారబినర్ ఆనే చోట వేళ్లతో తడిమి చూడు, నూగు లేచినా, గట్టిపడినా మార్చెయ్. నైలాన్ అయితే తడిస్తే బలం తగ్గుతుంది, ఎండకి ఏళ్ల తరబడి ఉంటే ఇంకా తగ్గుతుంది. తాడు చరిత్ర తెలియకపోతే టెదర్, ప్రూసిక్ రెండూ కొత్తవి కొను. 11 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడుకి 8 మిల్లీమీటర్ల ప్రూసిక్ కార్డు సరిపోతుంది, మూడు చుట్లు వేసి నేల మీదే బరువేసి పరీక్షించు. టెదర్ కింది కొసకి స్టాపర్ ముడి తప్పకుండా వెయ్, ప్రూసిక్ జారి బయటికి రాకుండా. ఇంకో సంగతి, మన ఊళ్లో ఉప్పుగాలికి అల్యూమినియం గేట్లు తెల్లగా పొడి పట్టి బిగుసుకుపోతాయి. వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు.

ప్లాట్‌ఫాం ఊడిపోతే ఏం చేస్తావో ముందే అనుకో. శాడిల్‌లో కదలకుండా వేలాడితే కాళ్లలోనే రక్తం నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంటుంది. పాదం పెట్టుకునే లూపు ఒకటి ప్రూసిక్‌తో తయారు చేసి జేబులో ఉంచుకో. దాని మీద నిలబడితే రక్తం ఆడుతుంది, ముడి వదులై కిందికి దిగే దారి దొరుకుతుంది. ఫోను పై జేబులో ఉండాలి, తోటలో ఒక మనిషి ఉండాలి. ఒంటరిగా ఎక్కొద్దు తమ్ముడూ, దయచేసి.

పెన్సిల్వేనియా_వైజాగు:

అన్నగారు చెప్పినవన్నీ నిజం. నేను ద్వారకానగర్‌లో పెరిగాను, ఇప్పుడు మీ బావగారి రాష్ట్రంలోనే ఉంటున్నాను, శరదృతువులో విల్లు వేటకి శాడిల్‌తోనే వెళ్తాను. సుఖం గురించి రెండు మాటలు.

వీపు పట్టీ విలాసమని మొదట్లో అనుకుంటారు. వాలి కూర్చున్నప్పుడు నడుము పైభాగానికి ఆధారం అదొక్కటే, గంట దాటితే దాని విలువ తెలుస్తుంది. కానీ అది ఆనుకోవడానికి మాత్రమే, ప్రాణం మోసేది కాదు. మోకాలి ప్యాడ్లు వేటగాళ్లవే కానక్కర్లేదు, టైల్స్ పనివాళ్లు పెట్టుకునేవి విశాఖలో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. నాకవే నచ్చాయి. ప్లాట్‌ఫాం చిన్నదైతే అరికాలి మధ్యలో నొప్పి పుడుతుంది, గట్టి సోల్ ఉన్న బూట్లు వేసుకోండి.

శాడిల్ మీద రాసిన బరువు పరిమితి చూడండి. చాలావాటికి 300 పౌండ్లు, అంటే 136 కిలోలు ఉంటుంది. మీరు, కెమెరా కలిపినా లోపలే. కెమెరాని మాత్రం బ్రిడ్జ్‌కి తగిలించొద్దు. చెట్టుకి విడిగా ఒక పట్టీ కట్టి దానికి వేలాడదీయండి. ఎక్కేటప్పుడు భుజాన వేసుకోకుండా, పైకెళ్లాక సన్నటి తాడుతో లాక్కోండి. ఇక్కడ విల్లుల్ని అలాగే లాగుతాం.

తాటితోపు:

అన్నయ్యా, మాది భీమిలి దగ్గర పల్లె, మా నాన్న కల్లు గీసేవారు. మోకు తప్ప ఇంకేమీ లేకుండా ఎన్నో తాటిచెట్లెక్కారు. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ ఉండే ఆ మోకు కూడా మీ లైన్‌మన్ బెల్ట్ చేసే పనే చేస్తుంది. నాన్న రోజూ ఎక్కేముందు దాన్ని కాలితో తొక్కిపట్టి రెండు చేతులతో లాగి చూసేవారు. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్ష పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు టీవీలో చూసి, ఇవి మా నాన్న రోజుల్లో ఉంటే బాగుండేదని అమ్మ చాలాసేపు బాధపడింది. మీకు మంచి సామాను దొరుకుతోంది, దాన్ని పూర్తిగా వాడండి.

చెట్టు గురించి చెప్తాను. తాడు ఎంత గొప్పదైనా చెట్టు గట్టిది కావాలి. చింత మంచిదే. జీడిమామిడి కొమ్మ, సరుగుడు మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు, పుటుక్కున విరుగుతాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకి మన వైపు చాలా చెట్లకి పెద్ద కొమ్మలు విరిగాయి. ఆ విరిగిన చోట్ల నీరు దిగి లోపల పుచ్చిపోయినవి ఇప్పటికీ పైకి పచ్చగానే ఉంటాయి. మాను చుట్టూ కర్రతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే వదిలెయ్యండి. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు లేచినా అంతే. తేనెపట్టు, కందిరీగల గూడు ఉన్నాయేమో కింద నుంచే వెతకండి. మామిడి మీద ఆకులు కుట్టుకుని ఉండే ఎర్ర చీమలు సరేసరి, రెండు చేతులూ తాడు మీద ఉన్నప్పుడు అవి మెడ మీదికి పాకితే నిగ్రహించుకోవడం కష్టం.

ఇంకోటి. గూడు ఉన్న కొమ్మ దగ్గరికి వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పిట్టల గుడ్లని, గూళ్లని కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. మీ తోటే అయినా అంతే.

ఆనందపురం_పిట్టలు:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. బ్రిడ్జ్ పొడవు పెంచి, సీటు కిందికి లాగి, ఇంటి వెనక వేప చెట్టుకి అడుగు ఎత్తులో కూర్చుని చూశాను. తుంటి నొక్కుడు బాగా తగ్గింది. మా ఆవిడ కూడా కూర్చుని చూసింది, టెదర్ ఎందుకు బిగుతుగా ఉండాలో తనకే అర్థమైంది. పాత టెదర్‌లో ఒక చోట పై తొడుగు కింద మెత్తగా తగిలింది. దాన్ని ముక్కలుగా కోసి పక్కన పడేశాను, ఇంకెవరూ వాడకుండా.

ఒక్క సందేహం. వాన తగ్గాక తడి బెరడు మీద ఎక్కొచ్చా?

తాడు_మీద_పని:

కోసి పడేశావు చూడు, అది మంచి పని.

తడి బెరడు మీద వద్దు. నిచ్చెన జారుతుంది, ప్లాట్‌ఫాం పట్టీ కూడా బిగుతు తప్పుతుంది. ఒక పూట ఎండ తగిలాక ఎక్కు. ఉరుము దూరంగా వినిపించినా వెంటనే దిగిపో, కెమెరా పైనే ఉన్నా సరే. కొత్త తాడు వచ్చాక ముడి వేసి ఫొటో ఇక్కడ పెట్టు, ఎక్కకముందు నేను చూస్తాను.