ఒత్తిడి తర్వాత లింఫోసైట్లు తగ్గాయి: చనిపోయాయా, వెళ్లిపోయాయా?

కణదర్శి:

పరిశోధనలో ఇది నాకు రెండో ఏడాది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ట్రియర్ సోషల్ స్ట్రెస్ పరీక్ష పెడుతున్నాం. ముఖంలో ఏ భావమూ చూపని ఇద్దరి ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పోవాలి, తప్పితే మళ్లీ మొదటి నుంచి. పరీక్షకు ముందు, ముగిసిన వెంటనే, గంట తర్వాత రక్తం తీస్తున్నాం.

ముగిసిన వెంటనే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు, అంటే లింఫోసైట్లలో ఒక రకం, బాగా పెరుగుతున్నాయి. గంట తర్వాత లింఫోసైట్ల (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) శాతం మొదటి నమూనాకన్నా కిందికి దిగుతోంది, న్యూట్రోఫిల్స్ (మరో రకం తెల్ల కణాలు) పెరుగుతున్నాయి. చిత్తుప్రతిలో “ఒత్తిడి లింఫోసైట్లను చంపుతుంది” అని రాశాను. రాత్రి మళ్లీ చదివితే మనసు ఒప్పలేదు. చనిపోయిన కణాలకే ఎక్కే ట్రిపాన్ బ్లూ రంగు వేసి చూస్తే, నీలం ఎక్కిన కణాలు మూడు నమూనాల్లోనూ ఇంచుమించు సమానం. మరి ఆ కణాలు ఏమైనట్టు?

నీలిమూత:

ముందు ఒక్క మాట. మీరు చూస్తున్నది శాతమా, మైక్రోలీటరుకు ఎన్ని కణాలన్న లెక్కా? న్యూట్రోఫిల్స్ పెరిగితే, లింఫోసైట్లు ఒక్కటి కూడా కదలకపోయినా వాటి శాతం పడిపోతుంది.

పాత లెక్కలు:

పైన అడిగిన ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతాది చదవండి. ఇరవై ఏళ్లుగా రక్తకణాలు లెక్కపెడుతున్నదాన్ని, ఈ ఒక్క పొరపాటు ఎన్నో మంచి పనులను పాడుచేయడం చూశాను.

శరీరంలోని లింఫోసైట్లలో ఏ క్షణంలోనైనా రక్తంలో తిరిగేవి నూటికి రెండు మాత్రమే. మిగతావన్నీ ప్లీహంలో, శోషరస గ్రంథుల్లో, ఎముక మజ్జలో, పేగు గోడల్లో ఉంటాయి. రోడ్డు మీద మనుషులు పలచబడ్డారని ఊరు ఖాళీ అయిందని ఎవరూ అనరు కదా.

మీకు వెంటనే కనిపించిన ఎన్‌కే పెరుగుదల అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోను పని. ఆ కణాల మీద దాన్ని అందుకునే బీటా-2 గ్రాహకాలు ఎక్కువ. అడ్రినలిన్ తగలగానే రక్తనాళాల గోడలను పట్టుకుని ఉన్న కణాలు పట్టు వదిలి ప్రవాహంలోకి వస్తాయి. ఆ గ్రాహకాలను అడ్డుకునే ప్రొప్రనోలాల్ మందు ముందే ఇస్తే ఈ పెరుగుదల అణిగిపోతుందని ప్రయోగాల్లో తేలింది. కొత్త కణాలు పుట్టలేదు, ఉన్నవే బయటికి వచ్చాయి. మరో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మెల్లగా వస్తుంది. దాని ప్రభావంతో లింఫోసైట్లు రక్తాన్ని విడిచి మజ్జకూ చర్మానికీ చేరతాయి, మజ్జలోని న్యూట్రోఫిల్స్ రక్తంలోకి వస్తాయి. 1990లలో ఫిర్దౌస్ ధాభర్ బృందం ఎలుకల్లో దీన్ని చూపింది. ఒత్తిడి తీసేసిన కొద్ది గంటల్లోనే సంఖ్య మళ్లీ మొదటికి వచ్చింది. ఈ హార్మోన్లను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకల్లో ఆ తగ్గుదల దాదాపు కనిపించనే లేదు. చచ్చినవి అంత త్వరగా తిరిగి రావు.

అయితే ట్రిపాన్ బ్లూను సాక్ష్యంగా పెట్టకండి. శరీరంలో చనిపోయిన కణాన్ని మాక్రోఫేజ్‌లు అప్పుడే మింగేస్తాయి, అది మీ గొట్టం దాకా రాదు.

నీలిమూత:

కానీ ఒత్తిడి మీద పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే ఒత్తిడికి గురైన ఎలుకల్లో థైమస్ (లింఫోసైట్లు పరిపక్వమయ్యే గ్రంథి) కుంచించుకుపోవడం రాశాడు. అక్కడ కణాలు నిజంగానే చనిపోతాయి కదా?

పాత లెక్కలు:

చనిపోతాయి, ఆ మాట దాచకూడదు. థైమస్‌లోని పరిపక్వం కాని కణాలు గ్లూకోకార్టికాయిడ్లకు (కార్టిసాల్ జాతి హార్మోన్లకు) ఇట్టే లొంగిపోతాయి, అదే జాతి మందైన డెక్సామెథసోన్ వేసిన పాత్రలో కొన్ని గంటల్లోనే రాలిపోతాయి. రక్తంలోని పరిపక్వ కణాలు అంత సున్నితమైనవి కావు. పైగా సెల్యే ఎలుకలు తీవ్రమైన గాయం, చలి, విషం భరించినవి. పది నిమిషాల ప్రసంగాన్నీ లెక్కనూ దాని పక్కన పెట్టలేం.

కణదర్శి గారూ, ఇంకో మూడు సంగతులు. సూది గుచ్చడమే ఒక ఒత్తిడి. కాథెటర్ పెట్టి కనీసం అరగంట కూర్చోబెట్టాకే మొదటి నమూనా తీయండి, లేకపోతే మీ “ముందు” ముందు కాదు. ఉదయం కార్టిసాల్ సహజంగానే ఎక్కువ, కాబట్టి అందరినీ మధ్యాహ్నమే పిలవండి. ఒత్తిడిలోనూ, కూర్చున్నవారు లేచి నిలబడినా ప్లాస్మా కొంత నాళాల బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది, కణాలు పెరిగినట్టే కనిపిస్తాయి. ప్రతి గొట్టానికీ హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) రాసుకుని, ప్లాస్మా మార్పును లెక్కగట్టే 1974 నాటి డిల్, కాస్టిల్ సూత్రంతో సరిచేయండి.

కణదర్శి:

నిన్నంతా కూర్చుని మళ్లీ లెక్కగట్టాను. పన్నెండు మందిలో ఏడుగురికి తగ్గింది శాతమే, కణాల సంఖ్య దాదాపు కదలలేదు. ఐదుగురికి సంఖ్య నిజంగానే తగ్గింది. హెమటోక్రిట్ మొదటి నలుగురికి రాసుకోలేదు, వాళ్లను సరిచేయలేను, పక్కన పెడుతున్నాను. చాలా బాధగా ఉంది, ఆ నలుగురూ ఎంతో ఓపికతో వచ్చారు. ఒకరి గొంతు 1022 దగ్గరే వణికింది.

“చంపుతుంది” కొట్టేసి “రక్తంలో తగ్గాయి” అని మాత్రమే రాశాను. వచ్చే వాలంటీర్ల నుంచి పరీక్ష ముగిసిన మూడు గంటల తర్వాత నాలుగో నమూనా కూడా తీస్తాం, సంఖ్య తిరిగి వస్తుందో లేదో చూడాలి.