రెండో తరగతి పాప ఇంకా వేళ్లు మడుస్తోంది, మాన్పించాలా?

సిరి_అమ్మ: మా పాపకి ఏడేళ్లు. 8+5 అంటే బల్ల కింద చేతులు దాచుకుని వేళ్లు మడుస్తుంది. ట్యూషన్ మేడమ్ వెంటనే మాన్పించమన్నారు. మీ పిల్లలు ఎప్పుడు మానేశారు?

లెక్కల_మాష్టారు: మాన్పించాల్సిందేనమ్మా. ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పాను. ఎక్కాలు కంఠతా వస్తే వేళ్లతో పనేముంది?

గోదారిగట్టు: ఆవిడ అడిగింది కూడికలు మాష్టారూ, ఎక్కాలు కాదు. 2015లో బెర్టెలెట్టి, బూత్ అనే పరిశోధకులు 8–13 ఏళ్ల పిల్లలకు లెక్కలిచ్చి మెదడు స్కాన్ చేశారు. తీసివేతలప్పుడు, వేళ్లు వాడకపోయినా, వేళ్లను కదిలించే భాగం స్పందించింది. గుణకారాలకు అలా కాలేదు.

లెక్కల_మాష్టారు: గుణకారాలకు కాలేదా? ఎక్కాల మహిమ మీరే ఒప్పుకున్నారు!

పల్లీచెక్క: మావాడు కాలివేళ్లు కూడా వాడతాడు.

తెలుగుమీడియం: పదమూడు అనే మాటలోనే పదీ మూడూ ఉన్నాయి. థర్టీన్‌లో ఏముంది? అసలు గొడవ అక్కడుంది.

గోదారిగట్టు: ఆ గొడవ ఇంకో రోజు. మాష్టారూ, 7–9 ఏళ్ల పిల్లలను ఏడాది దాటాక మళ్లీ స్కాన్ చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. లెక్కపెట్టడం తగ్గి, జవాబు గుర్తుతెచ్చుకోవడం పెరిగింది. జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్‌కి పని ఎక్కువైంది. వేళ్లు వాటంతటవే వెనక్కి పోతాయి.

లెక్కల_మాష్టారు: పోవు. పదో తరగతిలోనూ మడిచేవాళ్లను చూశాను.

గోదారిగట్టు: నేనూ చూశాను, స్కేలుతో వేళ్ల మీద కొట్టే మాష్టార్లను. మూడో తరగతిలో తిన్న దెబ్బలు. ఇప్పటికీ కొట్లో చిల్లర లెక్క చూడాలంటే అరచేతులు చెమటలు పడతాయి. ఆయనా మీలాగే మాట్లాడేవారు.

లెక్కల_మాష్టారు: ఆ రోజుల్లో నేనూ కొట్టాను. తప్పే. కానీ వాటంతటవే పోతాయని కూర్చోవడం మీకు చెల్లుతుంది బాబూ. మీ పిల్లలకు ట్యూషన్లు, అబాకస్ క్లాసులు ఉన్నాయి. నా బళ్లో పిల్లలు వేరుశెనగ పీకే రోజులొస్తే రెండు వారాలు కనపడరు. ఉన్న నాలుగు రోజుల్లో నేను ఏం నేర్పను? ఎక్కాలైతే పొలంలోనూ వల్లె వేసుకుంటారు.

గోదారిగట్టు: అది ముందే చెప్పాల్సింది మాష్టారూ.

పల్లీచెక్క: అబాకస్ ఫీజు ఎంతండీ అక్కడ?

సిరి_అమ్మ: ఇవాళ చేతులు బల్ల మీదే పెట్టి చెయ్యమన్నాను. ఒకటి నుంచి కాదు, ఎనిమిది మనసులో పెట్టుకుని తొమ్మిది నుంచి ఐదు వేళ్లే మడిచింది. ఎవరూ నేర్పలేదు. ఇది మంచిదేనా?

లెక్కల_మాష్టారు: మంచిదేనమ్మా. 5+8 అని తిప్పి అడుగు. అప్పుడూ ఎనిమిది నుంచే ఎత్తుకుంటే ఇంకా మంచిది. రెండో ఎక్కం కూడా మొదలుపెట్టు.

గోదారిగట్టు: వదలరు కదా!